పిల్లలకు నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలా? ముఖం ఉబ్బిందని మధ్యలో ఆపేయొద్దు!

పిల్లల ముఖం గుండ్రంగా ఉబ్బింది. ఆకలి ఎక్కువైంది. అది చూసి మందు పడలేదనుకుని మాత్రలు ఆపేస్తున్నారా? అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఎందుకు ఇస్తారు?
నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు మూత్రంలో ప్రొటీన్ పోయి ఒళ్లు ఉబ్బుతుంది. దీనికి మొదటి మందు ప్రెడ్నిసొలోన్. మొదటిసారి వస్తే సాధారణంగా 6 వారాలు రోజూ, మరో 6 వారాలు రోజు విడిచి రోజు ఇస్తారు. జబ్బు తిరగబెడితే మళ్లీ వాడాలి.

ఏయే మార్పులు వస్తాయి?
బరువు, బీపీ, షుగర్ పెరగొచ్చు. కడుపులో మంట, చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. ఎక్కువ కాలం వాడితే ఎత్తు పెరగడం నెమ్మదిస్తుంది. ఎముకలు బలహీనపడతాయి. కంట్లో శుక్లాలు రావొచ్చు. అందుకే ఎత్తు, బరువు, బీపీ, కళ్ల పరీక్షలు తప్పనిసరి. మాత్ర ఉదయం తిన్నాకే వేయాలి. ఉప్పు, పచ్చళ్లు తగ్గించాలి.

ఒక్కసారిగా ఆపితే?
కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ తయారు చేస్తాయి. వారాల తరబడి మాత్ర పడితే అవి పని తగ్గించేస్తాయి. హఠాత్తుగా మాత్ర ఆపితే వాంతులు, విపరీతమైన నీరసం, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం జరగొచ్చు. ప్రాణానికే ముప్పు. డోసు తగ్గించాల్సింది డాక్టరే.

వానాకాలంలో జాగ్రత్త
భద్రాచలం దగ్గర గోదావరికి 53 అడుగుల దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. వరదొస్తే చర్ల, దుమ్ముగూడెం వైపు రోడ్లు మునిగిపోతాయి. ఖమ్మం వెళ్లి మందులు తెచ్చుకునే కుటుంబాలు ఆగస్టు దాటేవరకు సరిపడా మాత్రలు ముందే ఇంట్లో ఉంచుకోవాలి.

జ్వరమొస్తే ఆగొద్దు
స్టెరాయిడ్లు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. ఇన్ఫెక్షన్ లోపల ముదిరినా పైకి కనిపించకపోవచ్చు. ఏజెన్సీలో మలేరియా కూడా ఉంటుంది కాబట్టి జ్వరం రాగానే రక్త పరీక్ష చేయించాలి. ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరికైనా ఆటలమ్మ సోకితే, వేపాకులు కట్టి ఊరుకోకుండా అదే రోజు డాక్టర్‌కు చెప్పాలి. టీకా వేసే ముందు ఏఎన్ఎంకు స్టెరాయిడ్ సంగతి చెప్పాలి. కొన్ని టీకాలు వాయిదా వేయాల్సి ఉంటుంది.

వాంతులతో మాత్ర నిలవకపోయినా, మగతగా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. మందు పేరు, డోసు, మొదలుపెట్టిన తేదీ రాసిన చీటీ ఎప్పుడూ దగ్గర ఉంచండి. ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లినా, ఏరియా ఆసుపత్రికి వెళ్లినా మొదట చూపించాల్సింది ఆ చీటీనే.