చెర రాజుది, చెల్లింపు రైతుది

యింగ్లండులో బందీలైన రాజుల కథలను వీరధర్మానికి నిదర్శనంగా చెప్పేవారు యింకా వున్నారు. 1356లో ప్వాతియే యుద్ధంలో పట్టుబడిన ఫ్రాన్సు రాజు రెండవ జాన్‌కు, విజేతయైన ఆంగ్ల యువరాజు స్వయంగా వడ్డించాడట! లండనులో థేమ్సు వొడ్డున సేవాయ్ భవనం ఆయనకు విడిది. విందులూ వేటలూ సరేసరి. బందీకి యింత మర్యాద ఎందుకు? వెల వున్న బందీ గనుక. 1360 సంధిలో ఆ వెల 30 లక్షల బంగారు నాణేలుగా తేలింది. ఆ సొమ్ము కోసం ఫ్రాన్సులో ఉప్పు మీదా, ద్రాక్షసారాయి మీదా, అమ్మే సరుకుల మీదా పన్నులు పడ్డాయి. అంతకు రెండేళ్ల ముందే, 1358లో, అక్కడి రైతులు ప్రభువులపై తిరగబడి వూచకోతకు గురయ్యారు. రైతును ప్రాణాలతో వుంచి వెల కట్టాలని ఏ ప్రభువుకు తోస్తుంది?

జామీనుగా వున్న కొడుకు పారిపోగా, 1364లో జాన్ తిరిగి లండను వెళ్లి సేవాయ్‌లోనే చనిపోయాడు. దీన్ని సత్యసంధత అంటారు. కావచ్చు. బాకీ మాత్రం పూర్తిగా తీరనేలేదు. తీరిన మేరకు తీర్చింది ప్రజలు.

1381లో తలపన్నుపై తిరగబడిన ఆంగ్ల రైతులు, అప్పటికి రాజు పినతండ్రి సొత్తయిన ఆ సేవాయ్‌నే తగలబెట్టారు. దోచుకోలేదు. వెండి దొంగిలించబోయిన తమవాణ్ణి మంటల్లోకి తోశారని, వారంటే గిట్టని ఆనాటి వృత్తాంతకారులే రాశారు.