వంటచెరకుగా వచ్చి సీసాలోకెక్కిన చెట్టు

ఊటీ వెళ్లొచ్చినవాళ్ల సంచిలో చాక్లెట్ల పక్కన నీలగిరి తైలం సీసా ఉండి తీరుతుంది. ఆ తైలం అనాదిగా ఆ కొండలదేనని చాలామంది నమ్మకం. దాన్నిచ్చే యూకలిప్టస్ చెట్టేమో ఆస్ట్రేలియాది. నీలగిరికి వచ్చింది కూడా మందు కోసం కాదు, పొయ్యి కోసం.

దొరలు ఊటీలో బంగళాలు కట్టుకున్నాక వంటకూ చలిమంటలకూ షోలా అడవుల్ని నరికేశారు. కట్టెలకు కరువొచ్చింది. 1843లో మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన కెప్టెన్ ఫ్రెడరిక్ కాటన్ యూకలిప్టస్ నాటించాడు. ఈయన మన ధవళేశ్వరం కాటన్ దొరకు తమ్ముడు. 1856 నుంచి వంటచెరకు తోటలు పెద్దయెత్తున మొదలయ్యాయి. కట్టెల కరువు తీరింది కానీ, పోయిన షోలాలు, పచ్చిక బయళ్లు తిరిగి రాలేదు.

తైలం సంగతి అంతకు ముందే ఇంగ్లండుకు తెలుసు. 1788లో సిడ్నీ చేరిన తొలి ఓడల బృందపు సర్జన్ జాన్ వైట్ నమూనా పంపాడు. దాన్ని వ్యాపారంగా నిలబెట్టినవాడు విక్టోరియాలో మందుల దుకాణం నడిపిన జోసెఫ్ బోసిస్టో. 1850లలో బట్టీ పెట్టాడు.

పొయ్యి కోసం వచ్చిన చెట్టు ఆకులకు నీలగిరిలోనూ తర్వాత బట్టీలు వెలిశాయి. అవి చూడ్డానికి సాదాసీదాగా ఉంటాయి. పెద్ద పాత్రలో ఆకు కూరి, నీళ్లు పోసి, మూత బిగించి, కింద మంట పెడతారు. ఆవిరి గొట్టంలోంచి చన్నీళ్ల తొట్టి గుండా పోయి చల్లబడుతుంది. కింద పెట్టిన డబ్బాలో నీళ్లు అడుగున నిలుస్తాయి, తేలికైన తైలం పైకి తేలుతుంది. రంగు దాదాపు ఉండదు, ఘాటు మాత్రం ముక్కుపుటాలు అదరగొడుతుంది. ఆ ఘాటంతా తైలంలోని సినియోల్ అనే పదార్థానిది. 1870లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త క్లోయెజ్ దానికి యూకలిప్టాల్ అని పేరు పెట్టాడు. మందుగా వాడే తైలంలో అది 70 శాతమైనా ఉండాలని యూరప్ ఫార్మకోపియా నియమం. అన్ని రకాల ఆకులూ దీనికి పనికిరావు. నిమ్మవాసన వేసే రకంలో ప్రధానంగా ఉండేది సిట్రోనెల్లాల్. ఖమ్మం వైపు మనం చూసే జామాయిల్ తోటలూ యూకలిప్టసే కానీ, అవి కాగితం గుజ్జు కోసం వేసినవి.

ఇంట్లో ఎప్పుడూ ఉండే సీసా కదా అని చనువు తీసుకోవడమే చిక్కు. ఇది తాగే మందు కాదు. పసివాళ్లకు ఒక టీస్పూను కూడా ప్రాణాంతకం కావచ్చు. మింగిన కొద్దిసేపటికే మగత, వాంతులు, ఫిట్స్ రావచ్చు. దగ్గు మందు సీసాల వరసలో దీన్ని పెట్టడమంత తెలివితక్కువ పని మరొకటి లేదు. రెండేళ్లలోపు బిడ్డల ముక్కు దగ్గర, ముఖాన రాయకూడదు, ఊపిరి ఇబ్బంది పడుతుంది. కొందరికి ఈ వాసనతోనే ఉబ్బసం రేగుతుంది. పెద్దలైనా కొబ్బరినూనెలో కొద్ది చుక్కలు కలిపే రాసుకోవాలి. నేరుగా రాస్తే చర్మం మండుతుంది. ఆవిరి పట్టేటప్పుడు గిన్నెను స్టవ్ మీంచి దించాకే చుక్క వేయాలి, ఎందుకంటే ఇది మంట అంటుకునే ద్రవం.

బిడ్డ మింగిందని అనుమానమొస్తే వాంతి చేయించొద్దు, తైలం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసా చేతబట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి, ఎంత ఖాళీ అయిందో డాక్టరు చూసుకుంటారు.