గోదావరి మత్స్యసంపద – దాని రక్షణ చరిత్ర

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతములకు సముద్రము లేదు. సముద్రములో సొరచేపలు తరిగిపోవుచున్నవన్న వార్త మనకు దూరపు మాటగా తోచవచ్చును. కాని బాసర మొదలు కాళేశ్వరము వరకు గోదావరి మన నేలనొరసికొని పారుచున్నది. కడెము, మానేరు, ప్రాణహిత దానిలో కలియుచున్నవి. ఊరూర చెరువు కలదు. చెరువునానుకొని బ్రతుకు ముదిరాజు, గంగపుత్ర కుటుంబములు కలవు. ఎంత పట్టవలెను, ఎప్పుడు వల చుట్టిపెట్టవలెను అను ప్రశ్న సముద్రమునకెంత ముఖ్యమో మన చెరువునకును అంతే ముఖ్యము.

మనదేశమున ఈ ప్రశ్నను శాస్త్రీయముగా విచారించిన తొలివారిలో ఫ్రాన్సిస్ డే ఒకడు. ఆయన మద్రాసు సైన్యమున వైద్యుడుగా వచ్చి, తరువాత మత్స్యశాఖ తనిఖీ అధికారియై, 1873లో మంచినీటి చేపలను గూర్చి ప్రభుత్వమునకు విపులమైన నివేదిక సమర్పించెను. సన్నకన్నుల వలలతోడను, మాటులతోడను చేపపిల్లలను తుడిచిపెట్టుట, గ్రుడ్లు పెట్టుటకు ఏటికెదురీదు చేపలను ఆనకట్టలు అడ్డగించుట – ఈ రెండును ఆయన గుర్తించిన ప్రధానదోషములు. 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట లక్షల ఎకరములకు నీరిచ్చినది; కాని సముద్రము నుండి గోదావరికెక్కివచ్చు పులసకు అదియే సరిహద్దు అయినది. మేలు పొందిన పైరును చూచినవారు ఆగిపోయిన చేపను లెక్కించలేదు.

ఆ విచారణలు సాగిన పిమ్మట 1897లో భారత మత్స్యచట్టము వెలువడినది. నీటిలో మందుగుండు ప్రేల్చి చేపలను చంపుట, విషము కలుపుట నేరములైనవి. ప్రేలుడు పెద్దచేపతోపాటు పిల్లను, గ్రుడ్డును గూడ నశింపజేయును. చచ్చిన చేపలలో ననేకము అడుగున మునిగి ఎవరికిని దక్కవు. వలకన్ను కొలతను నిర్ణయించుటకును, ఎంపికచేసిన నీటిలో రెండేండ్లకు మించకుండ వేటను పూర్తిగా నిలుపుటకును ఆ చట్టము అధికారమిచ్చినది. నిజాము రాజ్యము బ్రిటిషు పాలనకు వెలుపలిది గనుక ఇచ్చట వేరుచట్టము కావలసివచ్చినది. 1357 ఫసలీలో, అనగా 1947-48 ప్రాంతమున, హైదరాబాదు మత్స్యచట్టము ఏర్పడినది. రాజ్యములు మారినను ఆ ఫసలీ సంవత్సరము చట్టము పేరులో నిలిచియే యున్నది.

చట్టము కంటె ముందు చేప నడవడి తెలియవలెను. తొలకరి వరద రాగానే రవ్వ, బొచ్చె పారునీటికి ఎదురెక్కును. నిలువనీటి చెరువులో అవి సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. మత్తడి దుముకుచుండగా ఎగబ్రాకు చేపను పట్టుట సులభము. కాని ఆనాడు చిక్కినది ఒక్క చేప కాదు; దాని కడుపులో లక్షల గ్రుడ్లు గలవు. కొరమీను తీరు వేరు. మన వైపు కొరమట్ట అని పిలువబడు నీ చేప తన పిల్లల గుంపును వెన్నంటి కాచును. కాపలా చేపను పట్టినచో ఆ పిల్లలు ఇతర చేపలకు ఆహారమగును. 2016లో తెలంగాణము తన రాష్ట్రమీనముగా ఎన్నుకొన్నది ఈ కొరమీనునే.

1957లో ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసమును సూదిద్వారా ఎక్కించి, మన చేపలచేత నిలువనీటిలోనే గ్రుడ్లు పెట్టించెను. నేడు చెరువులలో, మానేరు, శ్రీరామసాగరము జలాశయములలో వదలు చేపపిల్లలకు ఆ విద్యయే మూలము. 2016-17 నుండి తెలంగాణ ప్రభుత్వము చేపపిల్లలను ఉచితముగా పంచుట ప్రారంభించినది. కాని కేంద్రములలో పెంచునవి కొన్ని జాతులు మాత్రమే; నదిలోని తక్కినవి తమంతట తామే నిలువవలెను.

అట్లు నిలువలేనిచో ఏమగునో సొరచేప చెప్పగలదు. దాని కాలేయపు నూనెలో ఎ విటమిను సమృద్ధిగా నుండును. రెండవ ప్రపంచయుద్ధమున కాడ్ చేపనూనె రాక ఆగినప్పుడు, 1940లో మద్రాసు ప్రభుత్వము కోజికోడ్‌లో సొరనూనె కర్మాగారము నెలకొల్పినది. అదే నూనె కొరకు కాలిఫోర్నియా తీరమున 1937 తరువాత ఒక సొరజాతిపై వేట విజృంభించెను. 1940ల నడిమికే ఆ వేట కుప్పకూలినది. ఆ సొరకు ఈడు వచ్చుటకే పదియేండ్లు దాటును. కాన్పునకు దాని పిల్లలు పదులలోనే, లక్షలలో కాదు. మనదేశము 2001 జూలైలో సొరల వేటను మొత్తముగా నిషేధించినది. జాలరుల ఆందోళన మీదట డిసెంబరులో దానిని కొన్ని జాతులకే పరిమితము చేసినది. తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవలు వేటకు పోరాదను నియమము కలదు.

ఈ చరిత్ర అంతయు బోధించునది ఒక్కటే: చేప ఒక్కసారియైనను సంతానమును విడిచిన పిమ్మటనే వలలో పడవలెను. చేపలు తరిగిన నాడు మొదట పస్తుండునది వల పట్టినవాడే. కావున ఈ నియమము అతనికి శత్రువు కాదు. కొనువారికిని ఇందు పాలు కలదు. వ్రేలెడు పిల్లచేపలు అంగడికి వచ్చినప్పుడు వానిని కొనక విడుచు గృహిణి, మత్తడి పారు నాలుగు నాళ్ళు వల వేయక ఆగు సహకార సంఘము – శాసనము వ్రాసినవారు కోరినదానిని ఆచరణలో నెరవేర్చగలవారు వీరే.