భూకంప సంకేతాలను ధ్వనిగా మార్చే విధానం - ప్రయోజనాలు, పరిమితులు

భూకంపానికి ముందు నేల నుండి విద్యుదయస్కాంత సంకేతాలు వెలువడతాయా, వాటిని ధ్వనిగా మార్చి విని ప్రమాదాన్ని ముందుగా పసిగట్టవచ్చునా అనే అంశాలపై పరిశోధనలు జరుగుతున్నాయి. పాత్రికేయులు, అధికారుల అవగాహన నిమిత్తం వివరాలు ఈ దిగువ ఇవ్వడమైనది.

కాలిఫోర్నియా అనుభవం: 1989 అక్టోబరు 17న అమెరికాలోని కాలిఫోర్నియాలో సంభవించిన లోమా ప్రియేటా భూకంపంలో (తీవ్రత 6.9) 63 మంది మరణించారు. భూకంప కేంద్రానికి సుమారు 7 కిలోమీటర్ల దూరాన గల కొరలిటోస్‌లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంటొనీ ఫ్రేజర్-స్మిత్ బృందం అప్పటికే 0.01 నుండి 10 హెర్ట్జ్ పరిధిలో అయస్కాంత క్షేత్ర మార్పులను నమోదు చేస్తున్నది. భూకంపానికి సుమారు 12 రోజుల ముందు నుండి సంకేతాలు పెరిగాయని, చివరి 3 గంటలలో మరింత తీవ్రమయ్యాయని ఆ బృందం 1990లో వెల్లడించింది.

ధ్వనిగా మార్చే విధానం: విద్యుదయస్కాంత తరంగాలు నేరుగా చెవికి వినబడవు. వాటిని స్పీకరు ద్వారా వినిపించినా, మనిషి వినగలిగేది 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు మాత్రమే. కనుక నమోదైన సంకేతాల వేగాన్ని పెంచి వినిపిస్తారు. వేగం 1,000 రెట్లు పెంచితే 0.1 హెర్ట్జ్ సంకేతం 100 హెర్ట్జ్ ధ్వనిగా మారుతుంది. 24 గంటల నమోదును 86.4 సెకన్లలో వినవచ్చు. గంటల తరబడి సాగిన మార్పును చెవి నిమిషంన్నరలో గుర్తించగలగడమే దీని ప్రయోజనం.

పరిమితులు: పిడుగులు, సౌర తుఫానులు, విద్యుత్ లైన్లు, విద్యుత్ రైళ్లు కూడా ఇటువంటి సంకేతాలనే కలిగిస్తాయి. కొరలిటోస్ సంకేతాలకు పరికరంలోని లోపం కారణమై ఉండవచ్చునని 2009లో ప్రచురితమైన పునఃపరిశీలన పేర్కొన్నది. ధ్వనిగా మార్చడం వలన సంకేతం వినడానికి సులభమవుతుందే గాని, అది ఎక్కడి నుండి వచ్చిందో తేలదు. ఈ అంశంపై అంతరిక్షం నుండి అధ్యయనానికి ఫ్రాన్స్ 2004లో డెమెటర్, చైనా 2018లో ఝాంగ్‌హెంగ్-1 ఉపగ్రహాలను ప్రయోగించాయి.

గమనించవలసినది: భూకంపం సంభవించే తేదీ, స్థలం, తీవ్రతలను ముందుగా కచ్చితంగా చెప్పగల విధానం ఏదీ ఇంతవరకు రుజువు కాలేదు. కావున ఇటువంటి ధ్వనుల ఆధారంగా వెలువడే జోస్యాలను హెచ్చరికలుగా ప్రచురించరాదు. సంభవించిన భూకంపాల అధికారిక సమాచారాన్ని జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం నుండి ధ్రువపరచుకోవలసి ఉంటుంది. ప్రాణరక్షణకు భూకంపాలను తట్టుకునే కట్టడాల నిర్మాణమే నమ్మదగిన మార్గం.