తక్కువ తిరిగిన పాత ట్రక్కు: మైళ్ళు కాదు, ఏళ్ళు లెక్కపెట్టండి

“మా ట్రక్కు కొత్తదాని కిందే లెక్క. ఇన్నేళ్ళలో నలభై వేల మైళ్ళు కూడా తిరగలేదు” అని గర్వంగా చెప్పుకునే మిత్రులు మనలో చాలామందే ఉన్నారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. పెరటి తోటకి మట్టి తేవడానికి, వనభోజనాలకు గిన్నెలు మోయడానికి, కొత్తగా వచ్చిన విద్యార్థులు అపార్ట్‌మెంటు మారేటప్పుడు సామాను చేరవేయడానికి తప్ప మా పికప్ ట్రక్కు ఇల్లు కదిలేది కాదు. కొన్నేళ్ళ క్రితం జులై ఎండలో పిల్లలతో డాలస్ నుంచి ఆస్టిన్ వెళుతుంటే ఐ-35 మీద వెనక టైరు పైపొర ఊడిపోయింది. అదృష్టం కొద్దీ బండి అదుపు తప్పలేదు. టైరు చూస్తే ట్రెడ్ సగానికి పైగా ఉంది. దాని వయసు మాత్రం పదకొండేళ్ళు!

అమెరికాలో ఒక డ్రైవరు ఏడాదికి సగటున 13,500 మైళ్ళు నడుపుతారని ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ లెక్క. బండి ఏడాదికి రెండు మూడు వేల మైళ్ళే తిరిగితే మైళ్ళ ప్రకారం చేయవలసిన సర్వీసు ఎప్పటికీ రాదు. కానీ ఓనర్స్ మాన్యువల్‌లో చాలా చోట్ల “ఇన్ని మైళ్ళు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది” అని ఉంటుంది. మనం మొదటి సగం చదివి రెండో సగం వదిలేస్తాం. ఊళ్ళో అటక మీద పడేసిన సైకిలు ట్యూబు వాడకపోయినా పగిలిపోవడం మనం చూసిందే కదా! ట్రక్కు విషయంలోనూ అంతే. ఏ భాగానికి ఎంత వయసు ఎక్కువో ఒక్కొక్కటిగా చూద్దాం.

టైర్లు

టైరు పక్కన డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటుంది. 2000 నుంచి తయారైన టైర్లలో దాని చివరి నాలుగు అంకెలే టైరు పుట్టిన తేదీ. 3514 అని ఉంటే 2014వ సంవత్సరం 35వ వారం అన్నమాట. బయటివైపు పూర్తి నంబరు కనిపించకపోతే లోపలివైపు చూడండి. ట్రెడ్ ఎంత ఉన్నా ఆరేళ్ళకు మార్చమని ఫోర్డ్ తన మాన్యువళ్ళలో చెబుతుంది. ఐదేళ్ళు దాటాక ఏటా పరీక్ష చేయించమని, పదేళ్ళకు తప్పక మార్చమని మిషెలిన్ చెబుతుంది. రబ్బరు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, ఎండ ఎక్కువైతే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. టెక్సస్, ఆరిజోనా వంటి చోట్ల ఉండేవారు ఆరేళ్ళ లెక్కనే పాటించడం మేలు.

ట్రక్కు కింద వేలాడే స్పేర్ టైరుని మరచిపోకండి. అది చాలాసార్లు బండితో పాటు వచ్చినదే అయి ఉంటుంది. ఏడాదికోసారి దాన్ని కిందికి దించి గాలి చూడండి. దించే గొలుసు తుప్పు పట్టి బిగుసుకుపోతే ఆ సంగతి రోడ్డు పక్కన చీకట్లో తెలియడం కంటే ఇంటి దగ్గరే తెలియడం మంచిది.

ఆయిలు, ఇతర ద్రవాలు

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్-3 ఫ్లూయిడ్ కనీసం 401 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా మరగకూడదని నియమం. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 284 డిగ్రీలకు పడిపోతుంది. బరువుతో కొండ దిగుతూ బ్రేకు మీద బ్రేకు వేస్తే ఫ్లూయిడ్ మరిగి ఆవిరి పుడుతుంది, అప్పుడు పెడల్ నేలకు అంటుకుపోతుంది. మైళ్ళతో సంబంధం లేకుండా రెండు మూడేళ్ళకోసారి మార్పించండి.

ఇంజిన్ ఆయిలు ఏడాదికోసారి మార్చాలి. నాలుగు మైళ్ళు వెళ్ళి ఆపేస్తే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, అందులో చేరిన నీరు, పెట్రోలు ఆవిరి కావు. తక్కువ తిప్పడం ఇంజిన్‌కు విశ్రాంతి అనుకుంటాం గానీ, నిజానికి అది కఠినమైన వాడకమే. కూలెంట్‌లో తుప్పును అడ్డుకునే రసాయనాలు కూడా కాలంతో తగ్గిపోతాయి. రకాన్ని బట్టి గడువు మారుతుంది కనుక మాన్యువల్ చూడండి.

బెల్టులు, గొట్టాలు

టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్లలో ఇది ముఖ్యం. ఉదాహరణకు 4.7 లీటర్ల వి-8 ఉన్న పాత టొయోటా టండ్రాకు 90,000 మైళ్ళు లేదా తొమ్మిదేళ్ళు అని గడువు. మొదటి తరం హోండా రిడ్జ్‌లైన్‌కూ టైమింగ్ బెల్టే ఉంటుంది. అది తెగితే ఇంజిన్ ఫ్రీవే మీద ఆగిపోతుంది. కొన్ని ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులకు తగిలి లోపలంతా పాడవుతుంది. రేడియేటర్ గొట్టాలను ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చేత్తో నొక్కి చూడండి. పగుళ్ళు, ఉబ్బులు, మరీ మెత్తదనం కనిపిస్తే మార్చేయండి.

తుప్పు

మంచు ప్రాంతాల్లో రోడ్డు మీద చల్లే ఉప్పు మైళ్ళు చూడదు. 1995–2000 మోడల్ టకోమా ట్రక్కుల ఫ్రేములు తుప్పు పడుతున్నాయని 2008లో టొయోటా వాటికి మైళ్ళతో నిమిత్తం లేకుండా పదిహేనేళ్ళ వారంటీ ఇచ్చింది, బాగా దెబ్బతిన్నవాటిని ఒకటిన్నర రెట్ల ధరకు తిరిగి కొనుక్కుంది. జనరల్ మోటార్స్ 1999–2003 ట్రక్కుల్లో బ్రేకు పైపులు తుప్పు పట్టడంపై దర్యాప్తు చేసిన జాతీయ రహదారి భద్రతా సంస్థ 2015 ఏప్రిల్‌లో రీకాల్ లేకుండానే దాన్ని ముగించింది. 2007, అంతకు ముందు మోడళ్ళ యజమానులు బ్రేకు పైపులు చూపించుకోవాలని, చలికాలం పోగానే బండి అడుగు భాగం కడిగించాలని సూచించింది. అంటే ఆ బాధ్యత మనదేనన్నమాట.

ఎయిర్‌బ్యాగులు

తకాటా ఎయిర్‌బ్యాగుల ఇన్‌ఫ్లేటర్లలోని అమ్మోనియం నైట్రేట్ ఏళ్ళ తరబడి వేడికి, తేమకు పాడై, చిన్న ప్రమాదంలోనూ పేలి ఇనుప ముక్కలు విసురుతుంది. అమెరికాలో సుమారు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు రీకాల్ అయ్యాయి. 2006 మోడల్ రేంజర్ ట్రక్కుల్లో రెండు మరణాల తర్వాత, 2018 జనవరిలో సుమారు 2,900 ట్రక్కుల యజమానులను అసలు నడపవద్దని ఫోర్డ్ కోరింది. మరుసటి నెలలో మరో 33,000 ట్రక్కులు ఆ జాబితాలో చేరాయి. మీ ట్రక్కు విన్ నంబరును జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో కొట్టి చూడండి. రెండు నిమిషాల పని, రిపేరు ఉచితం. వాడిన ట్రక్కు కొనేవారు బేరానికి ముందే ఈ పని చేయాలి.

క్లుప్తంగా

• రెండు వారాలకోసారి: అరగంట పాటు హైవే మీద నడపడం. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే మాన్యువల్ చెప్పినట్టు అప్పుడప్పుడు దాన్నీ వాడడం.
• ఏటా: ఇంజిన్ ఆయిలు, స్పేర్ టైరు, విన్ నంబరు, అడుగు భాగం తుప్పు.
• రెండు మూడేళ్ళకు: బ్రేక్ ఫ్లూయిడ్.
• మూడేళ్ళు దాటాక ఏటా: బ్యాటరీ పరీక్ష.
• ఆరేళ్ళకు: స్పేర్‌తో సహా టైర్లు.
• మాన్యువల్ గడువు ప్రకారం: కూలెంట్, టైమింగ్ బెల్టు.

మార్చిన ప్రతిదాని తేదీ ఒక కాగితం మీద రాసి గ్లోవ్ బాక్సులో పెట్టండి. చివరగా ఒక్క మాట. మన ట్రక్కుని ఎక్కువగా అడిగి తీసుకువెళ్ళేది మొన్న మొన్ననే ఈ దేశం వచ్చిన పిల్లలు. పరుపులు, బల్లలు ఎక్కించుకుని, కొత్త రోడ్ల మీద, కొత్త లైసెన్సుతో నడుపుతారు. వాళ్ళు “అంకుల్, ట్రక్కు బాగానే ఉంది కదా?” అని అడిగితే మనం ఓడోమీటరు చూసి జవాబు చెప్పకూడదు. ఈ శనివారం టేపు, టార్చిలైటు పట్టుకుని టైర్ల మీద ఆ నాలుగు అంకెలూ చదవండి. అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.