పోతన పొలం, శ్రీనాథుడి పల్లకీ, ఎపిక్యూరస్ తోట

ఎపిక్యూరియన్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది వీకెండ్ బఫే, ఖరీదైన వైను, క్రెడిట్ కార్డు బిల్లు. స్టోయిక్ అనగానే అప్రైజల్లో ఎంత తక్కువ ఇచ్చినా కిమ్మనకుండా కూర్చునే మనిషి. రెండూ సగం సగం అర్థాలే. గ్రీకు పేర్లతో చెప్తే నిద్రొస్తుంది కాబట్టి, మా ఓరుగల్లు వైపు ప్రచారంలో ఉన్న కథతో మొదలుపెడతాను.

పోతన బమ్మెరలో పొలం దున్నుకుంటుంటాడు. బావగారు శ్రీనాథుడు పల్లకీలో దిగుతాడు. తన మహిమ చూపిద్దామని ఒకవైపు బోయీల్ని తప్పుకోమంటే పల్లకీ గాల్లోనే సాగుతుంది. పోతన కొడుకు మల్లన ఒకవైపు ఎద్దుని విప్పేస్తే నాగలీ సాగుతుంది. ఆ తర్వాత, ఇంత గొప్ప భాగవతాన్ని ఏ రాజుకో అంకితమిస్తే ఈ పేదరికం ఎందుకయ్యా అని బావగారి సలహా, పోతన ఒప్పుకోకపోవడం, మనందరికీ తెలిసిందే. ఇద్దరూ బావామరుదులనడానికి చారిత్రక ఆధారం లేదు. పోతనది ఒంటిమిట్ట అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు నన్ను క్షమించాలి, నేను పాలకుర్తి పక్కనున్న బమ్మెర పక్షం :)

ఈ ఇద్దర్లో ఎపిక్యూరియన్ ఎవరు, స్టోయిక్ ఎవరు అంటే నూటికి తొంభై మంది శ్రీనాథుడు భోగి కాబట్టి ఎపిక్యూరియన్, పోతన విరాగి కాబట్టి స్టోయిక్ అంటారు. నాకు మాత్రం లెక్క తిరగబడినట్టు కనిపిస్తుంది.

ఎపిక్యూరస్ (క్రీ.పూ. 341-270) ఏథెన్సులో ఒక తోట కొనుక్కుని, మిత్రులతో అందులోనే బతికాడు. ఆడవాళ్ళనీ, బానిసల్నీ కూడా చేర్చుకున్నాడు. రోజువారీ భోజనం రొట్టె, నీళ్ళు. ఓసారి స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, ఒక చిన్న జున్నుముక్క పంపించు, ఎప్పుడైనా విందు చేసుకోవాలనిపిస్తే పనికొస్తుందన్నాడు. సుఖవాదానికి మూలపురుషుడి విందు అదీ! సుఖం అంటే ఒంట్లో నొప్పి లేకపోవడం, మనసులో అలజడి లేకపోవడం, అంతే అన్నాడు. కోరికల్ని మూడు రకాలు చేశాడు. ఆకలిలాంటివి సహజమైనవి, తప్పనిసరి. పంచభక్ష్య పరమాన్నాలు సహజమే గానీ తప్పనిసరి కాదు. కీర్తి, అధికారం లాంటివి అసలు సహజమే కాదు, వాటికి అంతూ ఉండదు. అందుకని రాజకీయాల జోలికి పోవద్దు, ఎవరి కంటా పడకుండా బతకమన్నాడు.

ఇప్పుడు చెప్పండి, ఇది ఎవరి బతుకులా ఉంది? రాచకొండ సర్వజ్ఞ సింగభూపాలుడు అడిగినా భాగవతం ఇవ్వలేదని, కోపంతో రాజు దాన్ని భూమిలో పాతిపెట్టించాడని ఐతిహ్యం. పాతిపెట్టడం సంగతి ఎలా ఉన్నా, కొన్ని భాగాల్ని తర్వాత గంగన, ఏర్చూరి సింగన, వెలిగందల నారయ పూరించిన మాట నిజం. పోతన ఆ గ్రంథాన్ని రాముడికే అంకితమిచ్చాడు.

ఇలాంటి ఆలోచనలు పుట్టిన కాలాలు కూడా ఒకలాంటివే. అలెగ్జాండర్ పోయింది క్రీ.పూ. 323లో. ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి చిక్కింది క్రీ.శ. 1323లో. అంకెలు కలవడం కాకతాళీయమే గానీ, రెండుచోట్లా పెద్ద నీడ పోయింది, ఆ తర్వాత చిన్న చిన్న రాజ్యాలు కొట్టుకున్నాయి. నిన్నటి కొలువు రేపు ఉంటుందో లేదో తెలీదు. అలాంటప్పుడు తెలివైనవాడు ఏం చెయ్యాలి? తోటలోకి తప్పుకోవాలా, కొలువులోనే ఉండి నెగ్గుకురావాలా?

స్టోయిక్కులు రెండోదాన్నే పట్టుకున్నారు. సైప్రస్ నుంచి వచ్చిన జెనో క్రీ.పూ. 300 ప్రాంతంలో ఏథెన్సు బజారు పక్కన ఒక మంటపంలో పాఠాలు మొదలెట్టాడు. అడ్డమేమీ లేకపోతే మనిషి ప్రజా వ్యవహారాల్లో ఉండాల్సిందే అని వాళ్ళ మాట. ఉంటూనే ఏది మన చేతుల్లో ఉంది, ఏది లేదు అని విడదీసుకోవాలి. మన భాషలో చెప్పాలంటే ఎపిక్యూరస్ డిపెండెన్సీలు తగ్గించమన్నాడు. స్టోయిక్కులు డిపెండెన్సీలు ఎలాగూ తప్పవు, ఎక్సెప్షన్ హ్యాండ్లింగ్ సరిగ్గా రాసుకో అన్నారు.

సెనెకాని చూడండి. నీరో చక్రవర్తికి గురువు, తర్వాత మంత్రిలాంటివాడు. పేదరికం గురించి అద్భుతంగా రాస్తూనే 30 కోట్ల సెస్టర్స్‌లు వెనకేశాడని శత్రువులు ఎత్తిపొడిచారు. క్రీ.శ. 62లో ఆస్తంతా తీసుకో, నన్ను వదిలెయ్ అన్నాడు. నీరో ఒప్పుకోలేదు. రాజీనామా రిజెక్టెడ్ అన్నమాట. 65లో చావమని ఆజ్ఞ వచ్చింది.

శ్రీనాథుడిది ఇదే దారి. కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారి. ప్రౌఢదేవరాయల కొలువులో గౌడ డిండిమభట్టుని ఓడించి కనకాభిషేకం. కొండవీడు పడిపోయాక రాజమండ్రి రెడ్ల దగ్గర చేరాడు. ప్రాజెక్టు మూసేస్తే ఇంకో ప్రాజెక్టు. ఆఖర్న అదీ లేదు. ఆయనదని చెప్పే చాటువు ప్రకారం బొడ్డుపల్లెలో భూమి గుత్తకు తీసుకుంటే కృష్ణ వరదలో పంట పోయింది, 700 టంకాల శిస్తు కట్టలేక వీధిలో శిక్ష అనుభవించాడు.

ఇక్కడితో ఆగితే పోతన గెలిచాడు, శ్రీనాథుడు ఓడాడు అని తేల్చెయ్యొచ్చు. కానీ అదే చాటువుల్లో చివరిది చూడండి. అంత దురవస్థలోనూ, నేనొస్తున్నానంటే పైలోకంలో కవి గుండెలు దడదడలాడతాయన్న ధీమాతో వెళ్ళాడు. పంట, పదవి, పరువు అన్నీ పోయాక తనదిగా మిగిలిన ఒక్కటీ ఏదో ఆ మనిషికి తెలుసు. బానిసగా పుట్టిన ఎపిక్టెటస్ చెప్పింది దాదాపు ఇదే. శ్రీనాథుడు బతికినంతకాలం స్టోయిక్ కాదు, ఆ ఒక్క పద్యంలో మాత్రం అయ్యాడనిపిస్తుంది నాకు.

పోతనా పూర్తిగా తోటలో ఇమడడు. ఎపిక్యూరస్ దేవుళ్ళు మన గోల పట్టించుకోరు. పోతన దేవుడు ఏనుగు పిలిస్తే శంఖచక్రాలు కూడా మరిచిపోయి పరిగెత్తుకొస్తాడు. లోకాన్ని నడిపేవాడు ఒకడున్నాడు, భారం వాడిది అన్న నమ్మకం స్టోయిక్కులకే దగ్గర.

అన్నట్టు, చివరికి ఇద్దరూ చేసింది వ్యవసాయమే. ఒకాయన కొలువు వద్దనుకుని నాగలి పట్టాడు. ఇంకొకాయన కొలువులన్నీ అయిపోయాక, శిస్తు కట్టే షరతు మీద పట్టాడు. నెలనెలా ఈఎంఐ కట్టే మనవాళ్ళు ఉద్యోగం మానేసి ఊళ్ళో పొలం చేసుకుంటాం అంటుంటారు కదా, అప్పుడు నేను అడిగేది ఇదే: ఏ రకం వ్యవసాయం బాబూ?

ఎపిక్యూరస్ తోట కూడా గాలి మీద నడవలేదు. మిత్రులు డబ్బు పంపేవారు. వీలునామా కూడా పకడ్బందీగా రాశాడు. తోట శిష్యులకి, కొందరు బానిసలకి విడుదల, చనిపోయిన మిత్రుడు మెట్రోడోరస్ పిల్లల పోషణ, ఆ అమ్మాయికి పెళ్ళి, కట్నంతో సహా.