పురీషనాళ శస్త్రచికిత్సానంతర బాధలు – సహరోగుల సహాయము

పురీషనాళపు క్యాన్సరునకు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట మాటిమాటికి విరేచనమగుట, వేగము నాపుకొనజాలకుండుట, వాయువును ద్రవమలమును నిలుపలేకుండుట మొదలగు లక్షణముల సముదాయమును వైద్యులు ‘లార్స్’ అని వ్యవహరింతురు. మలమును కొంతతడవు నిలిపియుంచుట పురీషనాళపు ధర్మము గావున, దానిని తొలగించి పైప్రేగును క్రిందికి సంధించినపుడు ఆ నిలువచోటు నశించుటయు, నాడులు దెబ్బతినుటయు, కిరణచికిత్సచే ప్రేగు బిరుసెక్కుటయు దీనికి ముఖ్యకారణములు.

చరిత్ర: 1908లో లండను వైద్యుడు ఎర్నెస్టు మైల్సు, గుదముతోగూడ పురీషనాళమును తొలగించి పొట్టమీద శాశ్వత మలద్వారము నేర్పరచు పద్ధతిని ప్రకటించెను.    1948లో వైద్యుడు క్లాడ్ డిక్సను గుదమును నిలుపు శస్త్రచికిత్స ఫలితములను వెల్లడించెను. 1970ల దశకపు స్టేప్లరు యంత్రము, 1982లో హీల్డు వివరించిన పద్ధతి దానిని సుసాధ్యము గావించినవి. ప్రాణము, గుదము రెండును దక్కినవారి నిత్యజీవితమెట్లున్నదను ప్రశ్న మాత్రము చాలకాలము మరుగుననే యుండెను. 2012లో డెన్మార్కు వైద్యులు ఎమర్ట్‌సెన్, లౌర్‌బర్గులు లార్స్ తీవ్రతను కొలుచుటకు 0 నుండి 42 వరకు గల కొలమానమును నిర్మించిరి. 30 గాని అంతకు మించి గాని వచ్చినచో తీవ్రబాధ. లార్స్‌నకు 2020 నాటి అంతర్జాతీయ నిర్వచనమును రోగులు కూడ పాల్గొని రూపొందించిరి.

సహాయము: పొట్టమీద మలద్వారము గలవారు ముందుగా సంఘటితులైరి. తానే యట్టి శస్త్రచికిత్స పొందిన నార్మా గిల్ 1958 నుండి క్లీవ్‌లాండున తోడిరోగులకు శిక్షణ నిచ్చెను. భారతదేశమున ముంబయి కేంద్రముగా అట్టివారి ఆస్టమీ సంఘము వెలసినది. లార్స్ రోగికి పైకి గుర్తేదియు లేదు. శస్త్రచికిత్స ఫలించినదని అందరు సంతసించుచుండ, అతడు మరుగుదొడ్డి దరి విడువలేక యొంటరి యగును. బస్సెక్కి సహరోగుల సభకు పోజాలని యట్టివానికి అంతర్జాలమే సభామందిరము. ఏ యాహారము పడినది, లోపెరమైడు నెప్పుడు వేసికొనవలెను, ఇసబ్గోలు ఎంత, కటికండరముల వ్యాయామమెట్లు చేయవలెనను విషయములను అనుభవించినవారును చెప్పగలరు.

హైదరాబాదు పాతబస్తీలో ఈ బాధకు మరియొక ముఖమున్నది. శుచి నిలువదను దుఃఖముతో నమాజునకు దూరమగువారు గలరు. ఎడతెగని స్రావము గలవారిని హనఫీ ధర్మశాస్త్రము ‘మాజూర్’ (మినహాయింపునకు అర్హుడు)గా నెంచి, ప్రతి నమాజు వేళకు నొకమారు వుజూ (ప్రార్థనకు ముందటి ప్రక్షాళనము) చేసికొని ప్రార్థింప ననుమతించుచున్నది. అది తనకు వర్తించునాయని పెద్దల నడుగుటకు సిగ్గుపడువానికి, ముందడిగి తెలిసికొన్నవాని మాట ధైర్యమగును. జనానాలోని స్త్రీకి ఉర్దూలోనో తెలుగులోనో మరియొక స్త్రీ స్వరము అట్టిదే.

పరిమితి: మలమున రక్తము, ఎడతెగని కడుపునొప్పి, అకారణముగా చిక్కిపోవుట కనబడినచో వైద్యుని దర్శించుటే కర్తవ్యము. అయినను, బాధను నోరువిప్పి చెప్పు ధైర్యము వచ్చినగాని వైద్యునకు దాని తీవ్రత తెలియదు. ఆ ధైర్యమును కలిగించు సహరోగి సాహాయ్యము చికిత్సలో నంతర్భాగమే యని గుర్తింపదగును.